చలిని తట్టుకునే పంటలు: జన్యు ఇంజనీరింగ్ మన విత్తన సంచి దాకా ఎందుకు రాలేదు?

ప్రశ్న: యాసంగి రైతు (నిర్మల్ జిల్లా)

అందరికీ నమస్కారం. మా ప్రాంతంలో యాసంగి వరికి నవంబరు చివరి వారం నుంచి నారు పోసుకుంటాము. చలి ముదిరిన ఏడాది మొలక బాగానే వచ్చినా, రెండో ఆకు తరువాత నారు ఎదుగుదల ఆగిపోతుంది. ముందు ఆకు కొనలు, తరువాత ఆకు మొత్తం ఎర్రబారుతుంది. నెల రోజుల్లో నాటుకు రావలసిన నారు నలభై రోజులు దాటినా పీకడానికి అందదు. నాట్లు ఆలస్యమైతే పూత సమయానికి ఎండలు ముదురుతాయి, కోత సమయానికి వడగళ్ల వానలు వచ్చి పడతాయి. అంటే డిసెంబరు చలి నష్టాన్ని మేము ఏప్రిల్‌లో లెక్కపెట్టుకుంటున్నాము.

సాయంత్రం వెదురు బద్దల మీద యూరియా సంచులు కుట్టిన పట్టాలు కప్పి పొద్దున తీసివేయడం, రాత్రంతా చల్లబడిన నీటిని తెల్లవారగానే వదిలేసి బోరు నీరు పెట్టడం, జింకు సల్ఫేటు పిచికారీ చేయడం మా ఊళ్లో అందరూ చేస్తూనే ఉన్నారు. ఎకరాలకు సరిపడా నారుమడి మీద రోజూ పట్టాలు వేసి తీయడానికి మనుషులు దొరకడం మాత్రం ఏటేటా కష్టమవుతోంది.

నేను అడగదలచినది ఇది. పురుగును తట్టుకునే బీటీ పత్తి మన దేశంలోకి 2002లోనే వచ్చింది. చలిని తట్టుకోవడానికి చేప జన్యువును టమాటాలో పెట్టారని అంతకు ఎంతో ముందే విన్నాము. ఇన్నేళ్లయినా చలిని తట్టుకునే వరిగాని, టమాటాగాని, బంగాళదుంపగాని జన్యు ఇంజనీరింగ్ ద్వారా రైతు చేతికి ఎందుకు రాలేదు? శాస్త్రపరంగా సాధ్యం కాలేదా, అనుమతులు అడ్డుపడ్డాయా, కంపెనీలకు లాభం కనబడలేదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: మొక్కల శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

యాసంగి రైతు గారికి నమస్కారం. మీరు చెప్పిన లక్షణాలు చాలా స్పష్టంగా ఉన్నాయి, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మొక్కకు చలి వల్ల కలిగే హాని రెండు రకాలు. ఉష్ణోగ్రత సున్నా కంటే దిగిపోయి కణజాలంలో నీరు గడ్డకట్టినప్పుడు కలిగేది ఒకటి. సున్నా కంటే పైనే, సుమారు 15 డిగ్రీల లోపు, మంచు అన్నదే లేకుండా కలిగేది రెండోది. గోధుమ, బార్లీ, ఆవాలు మొదటిదాన్ని కూడా చాలావరకు తట్టుకోగలవు. వరి, మొక్కజొన్న, టమాటా, పత్తి, అరటి ఉష్ణదేశపు మొక్కలు కాబట్టి రెండోదానికే కుంగిపోతాయి. మీ నారుమడిలో జరుగుతున్నది పూర్తిగా ఈ రెండో రకం హాని.

అది ఎలా జరుగుతుందంటే, కణం చుట్టూ, పత్రహరితం ఉండే హరితరేణువుల చుట్టూ ఉండే పొరలు కొవ్వు పదార్థాలతో తయారవుతాయి. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్లే, సంతృప్త కొవ్వు ఎక్కువగా ఉన్న పొరలు చలికి బిగుసుకుపోతాయి. అప్పుడు వేరు నీటిని సరిగా లాగలేదు, పొరలలో ఇమిడి ఉన్న ఎంజైములు మందగిస్తాయి. తెల్లవారి ఎండ రాగానే పత్రహరితం ఎప్పటిలాగే వెలుతురును పట్టుకుంటుంది గాని, ఆ శక్తిని చక్కెరగా మార్చే యంత్రాంగం ఇంకా చలి నుంచి తేరుకోదు. మిగిలిపోయిన శక్తి ఆక్సిజన్‌ను హానికరమైన రూపాలుగా మార్చి ఆకును లోపలి నుంచి దెబ్బతీస్తుంది. చల్లని రాత్రి తరువాత మబ్బు లేని ఉదయం వచ్చినప్పుడు ఆకులు ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఇదే. జపాన్‌లోని ఒకజాకిలో నొరియో మురాటా బృందం 1992లో పొరల కొవ్వును నిర్ణయించే ఒక ఎంజైము జన్యువును పొగాకు మొక్కలో ప్రవేశపెట్టింది. గుమ్మడి జాతి మొక్క నుంచి తీసుకున్న జన్యువు పెడితే పొగాకు చలికి మరింత సున్నితమైంది, అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్క నుంచి తీసుకున్నది పెడితే మరింత గట్టిపడింది. ఒకే ఒక్క జన్యువుతో చలి సున్నితత్వాన్ని అటూ ఇటూ జరపవచ్చని అంత స్పష్టంగా చూపిన ప్రయోగం కాబట్టి నేను తరగతిలో దీన్ని ఎప్పుడూ వదలను.

ఇప్పుడు చేప జన్యువు సంగతి. కాలిఫోర్నియాకు చెందిన డీఎన్ఏ ప్లాంట్ టెక్నాలజీ అనే కంపెనీ వింటర్ ఫ్లౌండర్ అనే చల్లని సముద్రపు చేప జన్యువును టమాటాలో పెట్టి 1991 ప్రాంతంలో పరీక్షించిన మాట నిజమే. ఆ టమాటా మార్కెట్టుకు రాలేదు. 1994లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఫ్లేవర్ సేవర్ టమాటా కాల్జీన్ అనే వేరే కంపెనీది. అది త్వరగా మెత్తబడకుండా ఉండటానికి చేసినది, దానిలో చేప జన్యువు లేదు. ఈ రెండింటినీ కలిపి చెప్పడం పత్రికలలో ఇప్పటికీ కనబడుతుంది.

చేప జన్యువు ఎందుకు పనికిరాలేదో ఆ చేప అవసరాన్ని చూస్తేనే అర్థమవుతుంది. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది, చేప రక్తం మామూలుగా అయితే మైనస్ 0.7 దగ్గరే గడ్డకట్టాలి. అంటే ఆ చేపకు కావలసిన రక్షణ ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ మాత్రమే. రక్తంలో పుష్కలంగా ఉండే ఆ ప్రోటీను మంచు స్ఫటికాల అంచులకు అతుక్కుని అవి పెరగకుండా ఆపుతుంది. పొలంలో మంచు పడే రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 3కో, మైనస్ 5కో దిగవచ్చు, మొక్కలో ఆ ప్రోటీను తయారైనదేమో చాలా కొద్ది పరిమాణం. టమాటా కణజాలపు సారంలో మంచు స్ఫటికాలు పెద్దవి కాకుండా ఆపగలిగారు గాని, దానితో మొక్క మంచును తట్టుకోలేదు. ఇక మీ నారుమడిలో మంచే లేదు, కాబట్టి చేప జన్యువు వరి నారుకు అసలు సంబంధించినదే కాదు.

అసలైన మలుపు 1990ల చివర్లో వచ్చింది. శీతల దేశపు మొక్కలు చలిని ముందుగా రుచి చూసి సిద్ధపడతాయి. రై పంటను నేరుగా చలిలో పెడితే మైనస్ 5 దగ్గర చనిపోతుంది, కొన్నాళ్లు గడ్డకట్టని చలిలో ఉంచితే మైనస్ 30 దాకా బతుకుతుంది. ఈ సిద్ధపాటును నడిపించే జన్యువులను మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ థామషో బృందం సీబీఎఫ్ అనే పేరుతో, జపాన్‌లో కజువో షినొజాకి, కజుకో యమగుచి షినొజాకి బృందం డ్రెబ్1 అనే పేరుతో కనుగొన్నారు. ఇవి స్వయంగా రక్షణ పదార్థాలు కావు, వందకు పైగా ఇతర జన్యువులను ఒక్కసారిగా మేల్కొలిపే పెద్ద జన్యువులు. 1998లో సీబీఎఫ్1ను ఎప్పుడూ పనిచేసేలా పెట్టిన అరబిడాప్సిస్ మొక్కలు చలిని ముందుగా చూడకుండానే గడ్డకట్టే ఉష్ణోగ్రతలను తట్టుకున్నాయి.

అయితే ఈ జన్యువులను ఎప్పుడూ పనిచేసేలా పెట్టిన మొక్కలు చాలాసార్లు గిడసబారిపోయాయి, పూత ఆలస్యమైంది. సీబీఎఫ్ జన్యువులు చలి రక్షణతో పాటు పెరుగుదల హార్మోను జిబ్బరెల్లిన్‌ను కూడా అణచివేస్తాయని తరువాత తేలింది. మొక్క దృష్టిలో అది సబబే, చలి ఉన్నన్నాళ్లు ఎదగకుండా ఉండటం దానికి క్షేమం. రైతుకు మాత్రం అది దిగుబడి నష్టం. దీనికి విరుగుడుగా, చలి తగిలినప్పుడు మాత్రమే ఆ జన్యువును పలికించే ప్రమోటరును, అంటే స్విచ్చు వంటి డీఎన్ఏ భాగాన్ని, షినొజాకి బృందం 1999లో జోడించి చూపింది. బంగాళదుంపలో ఇదే పద్ధతితో, దుంప దిగుబడి పెద్దగా తగ్గకుండా, గడ్డకట్టే చలిని తట్టుకునే శక్తి సుమారు 2 డిగ్రీలు పెరిగింది. టమాటాలో అదే జన్యువును పెట్టినా గడ్డకట్టే చలిని తట్టుకునే శక్తి రాలేదు, ఎందుకంటే ఆ పెద్ద జన్యువు పిలిచినప్పుడు పలకవలసిన జన్యువులే టమాటాలో చాలా కొద్దిగా ఉన్నాయి. మీరు అడిగిన "సాధ్యం కాలేదా" అన్నదానికి నా సమాధానం, ఆవజాతిలో బాగా, బంగాళదుంపలో కొంత సాధ్యమైంది, టమాటాలో కాలేదు. వరిలో కూడా డ్రెబ్1 జన్యువులతో చలిని తట్టుకునే మొక్కలు ప్రయోగశాలలో వచ్చాయి, వాటితో పాటు ఆ గిడసబారడమూ వచ్చింది.

సమాధానం: సప్పొరో నుంచి ఒక తెలుగు పరిశోధకురాలు

అధ్యాపకుడు గారి వివరణకు వరి వైపు నుంచి కొంత చేర్చాలనిపించింది. నేను జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో వరి మీద పని చేస్తున్నాను. ప్రపంచంలో వరి పండే అతి చల్లని ప్రాంతాలలో ఇదొకటి, ఇక్కడి పొలాలు 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉన్నాయి. ఇక్కడి రైతులు భయపడేది నారుమడి చలికి కాదు, వేసవి మధ్యలో వచ్చే చలికి. నారును ప్లాస్టిక్ గృహాలలో పెంచుతారు కాబట్టి ఆ దశ గండం వారికి తప్పింది.

వరిలో చలికి అత్యంత సున్నితమైన సమయం చిరుపొట్ట దశ తరువాత, పుప్పొడి రేణువులు అప్పుడే ఏర్పడుతున్న కొద్ది రోజులు. ఆ రోజులలో ఉష్ణోగ్రత 17, 18 డిగ్రీలకు పడిపోయి అలాగే నిలిస్తే పుప్పొడికి ఆహారం అందించే పొర దెబ్బతింటుంది. పైరు పచ్చగా, నిండుగా కనబడుతుంది, వెన్ను కూడా మామూలుగానే బయటికి వస్తుంది, కాని గింజలు తాలుగా పోతాయి. 1993 వేసవిలో ఈశాన్య జపాన్‌లో, హొక్కైడోలో ఇదే జరిగి, దేశం మొత్తం పంట మామూలు కంటే నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఎప్పుడూ బియ్యం దిగుమతిని అడ్డుకునే జపాన్, థాయిలాండ్, చైనా, అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి 25 లక్షల టన్నులకు పైగా తెప్పించుకోవలసి వచ్చింది.

ఆ దెబ్బ తరువాత రైతులు మారినది జన్యుమార్పిడి వరికి కాదు. సున్నితమైన ససానిషికి రకాన్ని వదిలి, చలిని బాగా తట్టుకునే హితొమెబొరె అనే రకానికి మారారు. అది మామూలు సంకరణంతో వచ్చినదే. ఇంతకంటే ఆశ్చర్యం కలిగించే విషయం మరొకటి ఉంది. పొట్ట దశలో చలిని తట్టుకునే గుణాన్ని హొక్కైడో శాస్త్రవేత్తలు వెతికి తెచ్చుకున్నది ఇండోనేషియాకు చెందిన సిలెవా అనే వరి రకం నుంచి. భూమధ్యరేఖ దేశంలో దొరికిన ఆ గుణాన్ని పదేపదే సంకరణం చేసి నోరిన్ పీఎల్8 అనే వంగడంలోకి దించారు. మన వైపు కూడా పాడేరు, అరకు వంటి చల్లని కొండల్లో తరతరాలుగా నిలిచిన దేశవాళీ వరి రకాలను ఈ దృష్టితో పరీక్షించి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నారు దశకు సంబంధించి 2015లో చైనాలో కాంగ్ చొంగ్ బృందం కోల్డ్1 అనే జన్యువును గుర్తించింది. చలి తగిలిందన్న సమాచారాన్ని కణపొర దగ్గర పసిగట్టి లోపలికి చేరవేయడంలో దీనికి పాత్ర ఉంది. జపాన్ వైపు పండించే జపోనికా వరిలో ఉన్న రూపానికి, మనం పండించే ఇండికా వరిలో ఉన్న రూపానికి మధ్య కీలకమైన తేడా డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం. మీ నారు కుంగిపోతున్న ఉష్ణోగ్రతలో జపోనికా నారు కోలుకోవడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి. దీనికి చేప జన్యువు అవసరం లేదు, బ్యాక్టీరియా జన్యువు అవసరం లేదు, వరి లోపలే ఉన్నదాన్ని వరిలోకే తెచ్చుకోవడం సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: యాసంగి రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాకు ఇప్పుడు మరో సందేహం వస్తోంది. ఒక్క అక్షరం తేడా అయితే దాన్ని సవరించిన వరి ఇప్పటికే రావాలి కదా? మాకు ఇక్కడ తెల్లహంస చలిని తట్టుకుంటుందని పెద్దలు చెబుతారు, నారు నిజంగానే బాగుంటుంది. కాని మిల్లువాళ్లు, కొనుగోలు కేంద్రంవాళ్లు అడిగే రకాలు వేరు. చలిని తట్టుకునే గుణం మేము వేసే రకంలోనే ఉంటే తప్ప మాకు ఉపయోగం లేదు.

సమాధానం: విత్తన రంగంలో పనిచేసినవాడిని

మీ చివరి వాక్యమే అసలు సమస్య అని నా అభిప్రాయం, కాబట్టి అనుమతులు, లాభనష్టాల వైపు నుంచి నేను చెబుతాను.

చలి మీద జన్యు ఇంజనీరింగ్ ప్రయత్నాలు తక్కువేమీ కాదు. అసలు జన్యుమార్పిడి జీవిని అనుమతితో ఆరుబయట వదిలిన తొలి ప్రయోగాలలో ఒకటి చలి కోసమే జరిగింది. ఆకుల మీద బతికే సూడోమొనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా తన ప్రోటీనుతో మైనస్ 2 డిగ్రీల దగ్గరే మంచు మొలకెత్తేలా చేస్తుంది, అది లేకపోతే ఆకులోని నీరు మరికొన్ని డిగ్రీలు దిగేదాకా గడ్డకట్టకుండా ఉండగలదు. బర్క్‌లీలో స్టీవెన్ లిండో ఆ జన్యువును తీసివేసిన బ్యాక్టీరియాను తయారుచేశారు. కోర్టు వివాదాలు ముగిసాక 1987 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని బ్రెంట్‌వుడ్ దగ్గర స్ట్రాబెర్రీ మొక్కల మీద దాన్ని పిచికారీ చేశారు. పిచికారీ చేసినవారు తల నుంచి కాలి దాకా రక్షణ దుస్తులు వేసుకున్న ఫొటోలు పత్రికల్లో వచ్చి జనాన్ని భయపెట్టాయి, వ్యతిరేకులు మొక్కలను పీకివేశారు. ఫ్రాస్ట్‌బ్యాన్ అనే ఆ సరుకు మార్కెట్టుకు రానే లేదు. ఆ తరువాత జన్యుమార్పిడి లేని మరో సహజ బ్యాక్టీరియాను అదే పనికి అమ్ముకున్నారు.

యూకలిప్టస్‌లో సీబీఎఫ్ జన్యువును చలికి మాత్రమే పలికే ప్రమోటరుతో పెట్టి, అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాలలో కలప తోటలుగా వేయాలని ఆర్బర్‌జెన్ అనే కంపెనీ 2011లో అనుమతి కోరింది. పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదా వచ్చేసరికే 2017 అయింది. మరో ఉదాహరణ ఇంకా ఆసక్తికరమైనది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా చలి దెబ్బకు తయారుచేసుకునే సీఎస్‌పీబీ ప్రోటీను జన్యువును మొన్సాంటో అనే విత్తన కంపెనీ మొక్కజొన్నలో పెట్టింది. దానికి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది, అమ్మకానికి కూడా వచ్చింది. కాని ఆ చలి జన్యువును కంపెనీ అమ్మినది కరువును తట్టుకునే మొక్కజొన్న పేరుతో. కరువు ప్రాంతాల రైతు ఏటా ఆ విత్తనం కొంటాడు. చలి ఒక ఏడాది వచ్చి మూడేళ్లు రాదు, వచ్చిన ఏడాది కూడా ఎప్పుడు, ఎంత అన్నది తెలియదు. ఏటా డబ్బు పెట్టి కొనే గుణం కాదని కంపెనీలు లెక్క వేసుకుంటాయి. పురుగు ప్రతి ఏడాదీ వస్తుంది కాబట్టి బీటీ పత్తి వచ్చింది.

అందుకే ఈ పని ప్రభుత్వ పరిశోధన సంస్థలే చేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను, దానికి దారి ఇప్పుడే తెరుచుకుంది కూడా. ఇతర జీవి జన్యువు మిగలకుండా మొక్క సొంత జన్యువునే సవరించిన పంటలకు జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి కేంద్ర ప్రభుత్వం 2022 మార్చిలో మినహాయింపు ఇచ్చింది. 2025 మే 4న రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. ఆ రెండూ మన తెలుగు నేల రకాల మీదే చేసినవి. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని సవరించి కమల అనే రకాన్ని చేసింది. ఢిల్లీలోని పూసా సంస్థ మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010ను సవరించి పూసా డీఎస్‌టీ రైస్ 1ను చేసింది. రెండోది కరువును, చౌడును తట్టుకోవడానికి ఉద్దేశించినది, చలికి కాదు. కాని మీరు వేసే రకం రూపురేఖలు, గింజ గుణం అలాగే ఉంచి ఒక్క గుణాన్ని మార్చవచ్చని ఇది చూపించింది. పూసా రకం వెనుక ఉన్న శాస్త్రవేత్తలలో ఒకరైన విశ్వనాథన్ చిన్నుసామి, 2003లో సీబీఎఫ్‌ను మేల్కొలిపే ఐస్1 అనే జన్యువును గుర్తించిన పరిశోధనకు మొదటి రచయిత. చలి జన్యువుల గురించి లోతుగా తెలిసినవారు మన సంస్థలలోనే ఉన్నారు, అడగవలసినది మనమే.

సప్పొరో నుంచి రాసిన పరిశోధకురాలితో ఒక చోట నేను విభేదిస్తాను. ఒక్క అక్షరమే తేడా అన్నది నిజమే అయినా, కోల్డ్1 ఒక్కటి మార్చితే ఇండికా నారు జపోనికా నారు అయిపోదు. ఒక జన్యువును పనిచేయకుండా చేయడం జన్యు సవరణలో తేలిక, ఒక అక్షరాన్ని కోరినట్లుగా మార్చడం అంతకంటే కష్టం. ఈ కారణంగా చలి విషయంలో మొదట ఫలితం ఇవ్వగలిగేవి చలి రక్షణను వెనక్కి లాగే జన్యువులు. వరిలో మిబ్30 అనే జన్యువు అలాంటిదే. దాన్ని ఆపివేసిన జపోనికా మొక్కలు చలిని మరింత బాగా తట్టుకున్నాయని చైనా పరిశోధకులు చూపించారు. ఎంటీయూ 1010 వంటి ఇండికా రకంలో అది ఎలా ఉంటుందో యాసంగి నారుమడిలో పరీక్షించి చూడాలి.

సమాధానం: సప్పొరో నుంచి ఒక తెలుగు పరిశోధకురాలు

మీ అభ్యంతరాన్ని అంగీకరిస్తూనే ఒక హెచ్చరిక చేరుస్తాను. నారు దశలో చలిని తట్టుకునే జన్యువులు, పొట్ట దశలో తట్టుకునే జన్యువులు చాలావరకు వేర్వేరు. నారు ఎర్రబారకుండా ఉన్న రకం పొట్ట దశలో కూడా తట్టుకుంటుందని అనుకోకూడదు. ఉత్తర తెలంగాణ యాసంగిలో చలి నారు దశలోనే తగులుతుంది, పొట్ట దశకు వాతావరణం వేడెక్కుతుంది. కాబట్టి మీకు కావలసినది నారు దశ గుణం ఒక్కటే. హొక్కైడోలో కావలసిన గుణం కంటే దీన్ని పరీక్షించడం చాలా సులభం, ఎందుకంటే పదిహేను రోజుల నారును 10 డిగ్రీల గదిలో కొద్ది రోజులు ఉంచి బయటికి తీసి, ఎన్ని మొక్కలు కొత్త ఆకు వేశాయో లెక్కపెడితే చాలు. చలిలో ఉన్నప్పటి రంగు కంటే తిరిగి కోలుకున్న వారం తరువాతి రంగే నమ్మదగినది.

మరొక విషయం. ఇక్కడ పొట్ట దశలో చలి వస్తుందని తెలిస్తే రైతులు పొలంలో నీటిని సుమారు 20 సెంటీమీటర్ల లోతుకు పెంచుతారు. రాత్రి గాలి చల్లబడినా, లోపల ఎదుగుతున్న చిరువెన్ను నీటి మట్టం కింద వెచ్చగా ఉంటుంది. మీ నారుమడిలో ఈ పద్ధతి పనికిరాదు. పలుచని నీరు తెల్లవారేసరికి గాలితో పాటే చల్లబడుతుంది, లోతుగా పెడితే చిన్న నారు మునిగిపోతుంది. కాబట్టి తెల్లవారగానే ఆ నీటిని వదిలి బోరు నీరు పెడుతున్న మీ పద్ధతే సరైనది.

ప్రశ్న అడిగినవారు: యాసంగి రైతు

చాలా ఉపయోగపడింది. ఈ యాసంగికి మా మండలంలో పది మంది రైతుల నారుమళ్లలో తెల్లహంసను, మేము వేసే రకాలను పక్కపక్కనే చిన్న మడులుగా పోసి, పట్టాలు కప్పకుండా ఒక మడి, కప్పి ఒక మడి ఉంచి, చలి తగ్గిన వారం తరువాత కొత్త ఆకు వేసిన మొక్కలను లెక్కపెడతాము. ఆ వివరాలతో రాజేంద్రనగర్ సంస్థకు, మా జిల్లా వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఉత్తరం రాసి, ఎంటీయూ 1010లో నారు దశ చలి గుణం కోసం పని జరుగుతోందా అని అడుగుతాము. ఉత్తరంలో ఏయే కొలతలు ఇవ్వాలో చెబితే బాగుంటుంది.

సమాధానం: మొక్కల శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

నారు పోసిన తేదీ, ప్రతి తెల్లవారుజామున మడి నీటి ఉష్ణోగ్రత, అదే సమయంలో గాలి ఉష్ణోగ్రత తప్పకుండా రాయండి. నీటి కొలతను మడి మధ్యలో, మట్టికి తాకకుండా తీసుకోండి. నారు వయసు ఇరవై రోజులు ఉన్నప్పుడు ఒక్కో మడి నుంచి యాభై మొక్కల ఎత్తు, ఆకుల సంఖ్య తీసుకుంటే చాలు. జింకు లోపం వల్ల కూడా ఆకు ఎర్రబారుతుంది కాబట్టి, అన్ని మడులకూ జింకు ఒకే మోతాదులో, ఒకే రోజున ఇవ్వండి. లేకపోతే ఏది చలి వల్ల, ఏది జింకు వల్ల అన్నది ఆ లెక్కలు చూసేవారికి తేలదు.